మాటకు మార్కులు వేసిన ఏడాది

నేను ఏ పని చేసి బతికానో మా బంధువుల్లో సగం మందికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పెళ్లిళ్లలో పరిచయం చేసేటప్పుడు మా బావమరిది నన్ను "ఫోటో డాక్టర్" అంటాడు. ఒకసారి ఒక పెద్దాయన ఆ మాట విని, భుజాన కెమెరా వేసుకుని పక్కనే నిలబడ్డ అబ్బాయిని వదిలేసి, మనవరాలి తొట్టెల పండుగకు వీలవుతుందా అని నన్ను అడిగాడు. వీలు కాదని చెప్పి భోజనాల వైపు నడిచాను.

నేను రేడియాలజిస్టును. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీ, ఎమ్మారై చూసి మనిషి లోపల ఏం జరుగుతోందో చెప్పడం నా పని. కరీంనగర్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఆ విభాగానికి చాలా ఏళ్లు పెద్దగా ఉండి, ఈమధ్యే బయటపడ్డాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కలిసినప్పుడల్లా మెషీన్ల గురించి అడుగుతుంటారు. మెషీన్ల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పదగ్గది ఒక్క ఏడాది సంగతి. స్కాన్లు చూడటం కాక మేము ఇంకేం ఒరగబెడుతున్నామో కొలిచి తీరాలని మా ఆసుపత్రి కంకణం కట్టుకున్న ఏడాది అది.

ఆ ఏడాది మాకు కొత్త మేనేజరు వచ్చాడు. అంతకుముందు సబ్బుల కంపెనీలో పనిచేశాడట. మనిషి చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగతాదంతా విన్నాక మీరు నమ్మరు. వేళకు వచ్చేవాడు, గొంతు పెంచేవాడు కాదు, ఆయాలను కూడా మీరు అనే పిలిచేవాడు. ఆయనకున్నది ఒకే ఒక్క జబ్బు, లెక్క. వచ్చిన నెల తిరక్కుండానే మా విభాగం గోడకు ఒక పెద్ద తెర బిగించాడు. ఏ డాక్టరు ఎన్ని రిపోర్టులు ఇచ్చారో క్రికెట్ స్కోరులాగా అందులో కనబడుతూ ఉండేది. టీ ఇచ్చే మనిషి కూడా దానివైపు చూసి, "సార్, ఇయ్యాల మీరు జర వెనుకబడ్డరు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

తెరలో ఎప్పుడూ మొదటి పేరు నా సహోద్యోగి ఒకాయనది. మేమందరం ఆయనను ఎక్స్‌ప్రెస్ అనేవాళ్లం. ఒక చేత్తో మిర్చి బజ్జీ తింటూ రెండో చేత్తో ఛాతీ ఎక్స్‌రేలు దాటించేవాడు. పని తెలిసినవాడే, కాదనను. కానీ ఆయన రిపోర్టు చదివితే ఆ మనిషికి జబ్బు ఉందో లేదో సర్జనుకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. "ఉండవచ్చును, లేకపోవచ్చును, మీ విచక్షణను బట్టి చూసుకోగలరు" అని ముగించేవాడు.

అడుగున ఎప్పుడూ ఉండే పేరు నస్పూర్ డాక్టరమ్మది. ఊరు నస్పూర్, అక్కడి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి కూతురు. మా అందరిలో చిన్నది, కాంట్రాక్టు మీద ఉన్నది, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించాలి. ఈ అమ్మాయి కుర్చీలో ఉండదు. ఒక స్కాన్ చూస్తుంది, అనుమానం వస్తుంది, లేచి వార్డుకు పోయి ఆ మనిషి పొట్ట నొక్కి చూసి వస్తుంది. సర్జను థియేటరులోకి వెళ్లబోతుంటే ఆపి, "సార్, మీరు అనుకున్న చోట లేదు, జర పక్కకున్నది" అని చెప్పి వస్తుంది. ఉట్నూర్ ఏజెన్సీలో పనిచేసే ఒక ప్రభుత్వ డాక్టరు రోజూ ఆమెకే ఫోన్ చేసేవాడు. ఈ మనిషిని జీపెక్కించి అంత దూరం పంపాలా, ఇక్కడే మందిచ్చి చూడాలా అని అడిగేవాడు. ఆమె చెప్పిందాన్ని బట్టి కొందరు బయల్దేరేవాళ్లు, కొందరు ఆ బాధ తప్పి ఇంటికి పోయేవాళ్లు. వీటిలో ఒక్కటి కూడా గోడమీద తెరకు ఎక్కేది కాదు.

ఒకరోజు మేనేజరు నన్ను పిలిచి, నిజంగా బాధపడుతూనే చెప్పాడు.

"సార్, మేడమ్ మంచి మనిషే. కాని కుర్చీల కూసునుడు తక్కువ. ఏడాది ఆఖరుకు స్కోరు గిట్లనే ఉంటె కాంట్రాక్టు పొడిగించుడు కష్టమైతది. రూల్ గట్ల ఉన్నది."

ఆ సాయంత్రం ఆమెకు సంగతి చెప్పాను. ఇక్కడ పోతే ఇంకోచోట దొరుకుతుందిలే అని ఓదార్చబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"దొరుకుతది సార్. ఇంట్ల కూసోని పొద్దంత తెర ముంగట రిపోర్టులు కొట్టే కొలువులు మస్తుగ ఉన్నయి. కాని మనిషి మొఖం సూడకుంట చేసే డాక్టరీ నాతోని కాదు. ఇక్కడ పోతె ఈ పనే పోయినట్టు."

నాకు రాత్రంతా అదే మనసులో మెదిలింది. తెల్లారి నేరుగా మేనేజరు గదికి వెళ్లాను.

"రిపోర్టులు రాసుడొక్కటే మా పని కాదు సార్. మేం మాట్లాడుతం. మా పనిల సగం మాటలే" అన్నాను.

"ఎవరితోని సార్?"

"సర్జన్లతోని, పేషెంట్లతోని, నేర్చుకునే పిల్లలతోని. అక్కెర లేని స్కానులు ఆపుతం. అర్జెంటు ఉంటె ఉరికిపోయి చెప్తం. ఇదంత మీ తెరల ఏడున్నది?"

ఆయన కళ్లు మెరిశాయి. నేను గెలిచాననుకున్నాను. పప్పులో కాలేశానని తర్వాత తెలిసింది.

"కరెక్ట్ సార్! గిది అన్యాయమే. అయితె దీన్ని గూడ కొలుద్దాం" అన్నాడు.

వారంలో పథకం తయారైంది. సాటి డాక్టరుకో పేషెంటుకో సలహా ఇస్తే మార్కులు, విన్నవాళ్లు చీటీ మీద సంతకం పెట్టాలి. పాఠం చెబితే మార్కులు, విన్నవాళ్ల తలలు లెక్కపెట్టాలి. అర్జెంటు రిపోర్టుకు కంప్యూటరులో ఎర్ర గుర్తు పెడితే మార్కులు. అక్కర్లేని స్కాన్ ఆపితే అన్నిటికంటే ఎక్కువ మార్కులు. చూడటానికి ధర్మంగానే ఉంది కదా? నేనూ అలాగే అనుకుని సంతకం చేశాను.

మొదట సర్జను దొరకడం మానేశాడు. అంతకుముందు ఆయన రోజూ పది గంటలకు టీ గ్లాసు పట్టుకుని మా చీకటి గదికి వచ్చి, స్కాన్లు చూసుకుంటూ, ఊళ్లో ముచ్చట్లు కూడా చెప్పి పోయేవాడు. పథకం మొదలయ్యాక ఆయన గుమ్మంలో కనబడితే చాలు, మావాళ్లు చీటీలు పట్టుకుని చుట్టుముట్టేవాళ్లు. ఒకరోజు నన్ను మెట్ల దగ్గర పట్టుకుని దండం పెట్టాడు.

"నీ కాల్మొక్త సార్, మీవోళ్లు నన్ను లిఫ్టుల గూడ ఒదుల్తలేరు. బాత్‌రూం కాడ ఒగాయన నిలవడ్డడు. నమస్తే అన్న పాపానికి సలహా ఇచ్చిన అని సంతకం పెట్టమంటున్నడు. ఇగ నేను అపెండిక్స్ ఏడున్నదో కడుపు కోసినంకనే చూసుకుంట."

పాఠాలకు మనుషులు చాల్లేదు. నేర్చుకునే పిల్లలు నలుగురే ఉంటారు, చెప్పాలనుకునే డాక్టర్లు మరింతమంది. దాంతో వాచ్‌మన్లనూ ఆయాలనూ బలవంతంగా కూర్చోబెట్టారు. వాళ్లూ తప్పించుకోవడం మొదలుపెట్టాక ఎక్స్‌ప్రెస్‌కు ఒక ఉపాయం తట్టింది. స్కానింగ్ కోసం బయట బెంచీల మీద వేచి ఉన్న జనాన్ని హాల్లోకి పిలిచి మణికట్టు ఎముకల గురించి పాఠం మొదలుపెట్టాడు. జనం నిండిపోయారు. ఆయన బొమ్మలు చూపిస్తూ తన్మయత్వంలో ఉండగా వెనక వరసలో ఒకాయన లేచి, "సార్, దీనికి రేషన్ కార్డు జిరాక్స్ తేవాల్నా, ఆధార్ సాలునా?" అని అడిగాడు. ఏదో సర్కారు పథకం అనుకున్నారట పాపం. తలలు మాత్రం లెక్కలోకి వచ్చాయి.

ఆపిన స్కాన్ల సంగతి చెబితే మీరు నవ్వుతారు. స్కాన్ ఆపాలంటే ముందు ఎవరో ఒకరు రాయాలి కదా. ఎక్స్‌ప్రెస్‌కు అవుట్ పేషెంట్ విభాగంలో ఒక కుర్ర డాక్టరుతో దోస్తీ ఉండేది. ఆ అబ్బాయి కాలి వేలికి గోరుచుట్టు అయినవాడికి మెదడు స్కాన్ రాసేవాడు, ఈయన అక్కర్లేదని ఆపేసేవాడు. ఒకసారి జమ్మికుంట పత్తి యార్డులో బస్తా మీద పడి భుజం బెణికిన హమాలీ ఒకాయన వచ్చాడు. ఆయనకు తల, మెడ, ఛాతీ, పొట్ట, మోకాళ్లు, అన్నింటికీ స్కాన్లు రాశారు, అన్నీ ఆపేశారు. కౌంటరు నుంచి కౌంటరుకు తిరిగి తిరిగి ఆ మనిషి చివరకు నేలమీద కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు.

"నాకు పెద్ద రోగమే ఉన్నది. ఒక్క మిషను గూడ నన్ను ఒప్పుకుంటలేదు" అంటున్నాడు.

ఎవరు చెప్పినా వినలేదు. చివరకు నస్పూర్ డాక్టరమ్మ వచ్చి ఆయన పక్కన నేలమీదే కూర్చుంది. భుజం పట్టుకుని అటూ ఇటూ ఆడించి చూసి, రోగం ఏమీ లేదని, కండ బెణికిందని, ఒక్క ఎక్స్‌రే చాలని నచ్చజెప్పింది. అందుకు మధ్యాహ్నం దాకా పట్టింది. ఆమె చీటీ తీసుకోలేదు కాబట్టి మార్కులు పడలేదు.

ఇంకో నెల ఎక్స్‌ప్రెస్ తన అన్న కూతురి పెళ్లికని ఆదిలాబాద్ వెళ్లి నెలంతా సెలవులో ఉండిపోయాడు. ఆయన పేరుమీద బుక్ అయిన స్కాన్లన్నీ ఆగిపోయాయి. ఆగినవన్నీ ఆపినవిగానే కంప్యూటరు రాసుకుంది. ఆ నెల ఆసుపత్రి మొత్తంలో ఆయనే ప్రథముడు. తిరిగొచ్చాక శాలువా కప్పారు. ఆయన సిగ్గుపడకుండా వంగి కప్పించుకున్నాడు.

నస్పూర్ డాక్టరమ్మ ఈ కొత్త లెక్కలోనూ అడుగునే ఉంది. ఎవరి కోసం నేను ఈ రొచ్చులో దిగానో ఆమే మునిగిపోతోంది. ఒకరోజు కోపం పట్టలేక గదిలోకి పిలిచి కేకలేశాను.

"ఆ చీటీలు ఎందుకు తీసుకుంటలేవమ్మా? సంతకమే గదా?"

"తీసుకుందామనే పోత సార్. కాని క్యాన్సర్ ఉన్నదని చెప్పినంక, ఆ మనిషి ఏడుస్తుంటె, ఇక్కడ సంతకం పెట్టుమని కాయిదం సూపియ్యబుద్ధి కాలే."

పోయి పని చూసుకోమన్నాను.

మేనేజరు గుడ్డివాడు కాదు. ఈ తతంగమంతా కనిపెట్టాడు. ముఖం చిన్నబుచ్చుకుని నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మార్కులు పెట్టగానే పనులు పాడైపోతున్నాయని, అందుకే నిజమైన కొలత దొరకడం లేదని వాపోయాడు. ఇకనైనా వదిలేస్తాడని నాకు ఆశ పుట్టింది. ఆయన బ్యాగులోంచి మంచినీళ్లు తీసి తాగి, కొత్త ఆలోచన బయటపెట్టాడు.

"ఒక్క వారం మీరు మాట్లాడుడు బందు చేద్దాం సార్. రిపోర్టులు రాస్తరు, గంతే. వార్డుకు పోవద్దు, ఫోన్ ఎత్తొద్దు, ఎవలకు ఏం చెప్పొద్దు. ఆ వారంల ఎంత నష్టమైతదో గదే మీ మాటల విలువ. ఇందుల దొంగలెక్కలు నడువయి."

"నష్టమంటె మనుషులు సార్" అన్నాను.

"అర్జెంటు కేసుకు ఎర్ర గుర్తు ఉండనే ఉన్నది గద సార్. గుర్తు పెట్టుండ్రి, అవుతలి డాక్టరు సూసుకుంటడు. ప్రాణాల జోలికి మనం పోతలేం."

ఎర్ర గుర్తుకు పట్టిన గతి నాకు అప్పుడు తట్టలేదు. మార్కుల కోసం మావాళ్లు అరవై ఏళ్లవాళ్ల అరిగిన మోకాళ్లకు కూడా ఎర్ర గుర్తు పెట్టడం అలవాటు చేసుకున్నారు. మిగతా డాక్టర్ల తెరలన్నీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎర్రగా మెరుస్తుండేవి. వాళ్లు చూడటం ఎప్పుడో మానేశారు. ఈ లెక్కల కోసం వేసిన డాక్టర్ల కమిటీలో మిగతావాళ్లందరూ మేనేజరు ఆలోచనకు ఒప్పుకున్నారు. వారం రోజులు ఎవరూ పిలవకపోతే హాయిగా ఉంటుందని ఎక్స్‌ప్రెస్ సంబరపడ్డాడు.

ఆ వారం మా విభాగం ఎలా ఉందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. తలుపులు మూశారు, ఫోన్లన్నీ తీసుకెళ్లి మేనేజరు సొరుగులో పెట్టారు. నియమం పాటిస్తున్నామో లేదో చూడటానికి ఆఫీసు క్లర్కు ఒకాయనను వరండాలో స్టూలు వేసి కూర్చోబెట్టారు. సర్జను అద్దం తలుపు బయట నిలబడి తన పొట్ట చూపించి, వేలు వంకర చేసి, కనుబొమలు ఎగరేసేవాడు. అపెండిక్సేనా అని దాని అర్థం. నేను లోపలినుంచి తల అడ్డంగా ఊపి, చేత్తో కిడ్నీ వైపు చూపించాను. తల ఊపినా మాట్లాడినట్టేనని క్లర్కు అభ్యంతరం చెప్పాడు. ఆ తర్వాత తలుపు అద్దానికి పాత పేపర్లు అతికించారు.

జనం వేరేగా అర్థం చేసుకున్నారు. డాక్టర్లు ఏదో దీక్షలో ఉన్నారని బెంచీల మీద పుకారు పుట్టింది. "మాల ఏస్కున్నట్టు లేదు, మరి మౌనం పట్టిన్రు, ఏం దీక్షనో" అని గుసగుసలు. ఒక ముసలమ్మ మా తలుపు ముందు కొబ్బరికాయ పెట్టి, చెప్పులు విడిచి దండం పెట్టుకుని పోయింది. ఉట్నూర్ డాక్టరు ఫోన్లు చేసీ చేసీ విసిగి, అనుమానం వచ్చిన ప్రతి మనిషినీ జీపెక్కించడం మొదలుపెట్టాడు. గ్యాసుతో పొట్ట ఉబ్బిన ఒక రైతు అడవి దాటి, గతుకులన్నీ తిని, మా గుమ్మం దగ్గర దిగేసరికి నొప్పి తగ్గిపోయింది. పొద్దుపోయేదాకా క్యాంటీన్‌లో కూర్చుని, అదే జీపులో వెనక్కి పోయాడు.

వారం సగం దాటాక, మిట్టమధ్యాహ్నం, సిరిసిల్ల వైపు నుంచి ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. మరమగ్గాల మీద పనిచేసే ఇంటి కోడలు, వెంట అత్త ఉంది. కడుపునొప్పి, కళ్లు తిరుగుతున్నాయి. సర్జను తొందరలో అపెండిక్స్ కావచ్చని సీటీ స్కాన్ రాసి పంపాడు. మామూలు రోజైతే మా గదికి వచ్చి రెండు ముక్కలు మాట్లాడేవాడు. అప్పుడు డ్యూటీలో ఉన్నది నస్పూర్ డాక్టరమ్మ. నియమం ప్రకారం ఆమె చేయాల్సింది రాసిన స్కాన్ తీయించి, రిపోర్టు కొట్టి, గుర్తు పెట్టి ఊరుకోవడమే.

ఆమె ఆ అమ్మాయి ముఖం చూసింది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నెలసరి ఎప్పుడు వచ్చిందమ్మా అని అడిగింది. అదే మొదటి తప్పు. తప్పిందని అత్త చెప్పింది. వెంటనే సీటీ ఆపి అల్ట్రాసౌండ్ పెట్టి చూసింది. గర్భం సంచిలో లేదు, పక్కన నాళంలో నిలిచింది. ఆ నాళం పగిలి కడుపు నిండా రక్తం చేరింది. మన వృత్తిలో ఉన్నవాళ్లకు దీని తర్వాత ఎంత టైం ఉంటుందో చెప్పనక్కర్లేదు.

రిపోర్టు కొట్టి ఎర్ర గుర్తు పెట్టొచ్చు. ఎర్రటి తెరలో ఇంకో ఎర్ర చుక్క.

నేను పక్క గదిలో ఉన్నాను. దఢాలున తలుపు తెరుచుకున్న చప్పుడు, వెంటనే ఒక కేక. ఆ వారంలో మా డాక్టర్లలో ఒకరి గొంతు బయటికి వినబడటం అదే మొదటిసారి. బయటకు వచ్చి చూస్తే నస్పూర్ డాక్టరమ్మ స్ట్రెచర్ తానే తోసుకుంటూ వరండాలో పరుగెడుతోంది. "జరుగుండ్రి! థియేటర్ తెరువుండ్రి! రక్తం తెప్పియ్యుండ్రి!" అని అరుస్తోంది. వెనక అత్త, అత్త వెనక చేతులు ఊపుతూ మా క్లర్కు.

"మేడమ్! మాట్లాడొద్దు మేడమ్! ఇంక రెండే దినాలున్నయి, జర ఓపిక పట్టుండ్రి!"

నాకు నవ్వు రాలేదు. నేనూ పరుగెత్తి స్ట్రెచర్ రెండో వైపు పట్టుకున్నాను. ఎక్స్‌ప్రెస్ గది తలుపు తెరుచుకుంది, ఆయనా వచ్చి పట్టుకున్నాడు. గైనిక్ మేడమ్ అప్పుడే భోజనానికి కూర్చోబోతోందట. డాక్టరమ్మ గొంతు విని, విప్పిన టిఫిన్ డబ్బా అలాగే వదిలేసి థియేటరులోకి వెళ్లింది. సాయంత్రం బయటకొచ్చి ఒకే మాట చెప్పింది. కాసేపు ఆలస్యమై ఉంటే తను చేయడానికి ఏమీ మిగిలేది కాదని. అత్త అక్కడే నేలమీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

వారం ముగిశాక కమిటీ కూర్చుంది. మేనేజరు ముఖం వాడిపోయి ఉంది. కాగితాలు సర్దుకుని చదివాడు. అక్కర్లేని జీపు ప్రయాణాలు, ఎదురుచూపులు, అవీ ఇవీ పోగా అసలు నష్టం ఏమీ జరగలేదట.

"మరి ఆ నేతపిల్ల సంగతి?" అన్నాను.

"ఆమె బతికింది గద సార్. మంచిగున్నది. నష్టం నిల్."

"నస్పూరమ్మ ఉరికింది కాబట్టి బతికింది!"

"గదే సార్ కష్టం" అన్నాడాయన, నిజంగా కుమిలిపోతూ. "మేడమ్ మాట్లాడకుంటె మనకు లెక్క దొరుకుతుండె. మాట్లాడిండ్రు, కొలత చెడిపోయింది. ఇప్పుడు వారం మొత్తం మీద మాటల విలువ సున్నా వస్తున్నది."

గైనిక్ మేడమ్ ఆయన వైపు తిరిగింది. ఆవిడ మంచిర్యాల వైపు మనిషి, ఎదుటివాడు ఎవరైనా నదురు బెదురు లేదు.

"అంటె ఆ పిల్ల సచ్చిపోతె మా డాక్టరమ్మకు మార్కులు పడుతుండెనా?"

మేనేజరు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోవడం మరచిపోయాడు.

"నేను గట్ల అనలే మేడమ్. నాకూ ఆడపిల్లలున్నరు. కాని... కొలత గట్లనే వస్తది."

పిల్లలూ, నాకు ఆయన మీద కోపం పోయింది ఆ క్షణంలోనే. ఆయన అబద్ధం చెప్పలేదు. మన పనిలో మంచి భాగమంతా జరగకుండా తప్పిపోయిన చెడే. జరగనిదాన్ని ఏ మెషీనూ చూపించదు, మనం ఎంత చదువుకున్నా దాన్ని తెరమీదకు తేలేం. అంతా అర్థమైంది గానీ, ఏడాది ఆఖరు కావడంతో, డాక్టరమ్మ కాంట్రాక్టు పొడిగించకూడదన్న కాగితం బల్లమీద సిద్ధంగా ఉంది. రిపోర్టుల్లో అడుగు, చీటీల్లో అడుగు, పైగా కొలత చెడగొట్టిన తప్పు.

అప్పుడు గైనిక్ మేడమ్ గొంతు మార్చింది.

"అయితె తప్పు చేసిందంటరు?"

"రూల్ ప్రకారమైతె... అవు మేడమ్."

"తప్పుకు విచారణ ఉండాల్నా వద్దా? ఉత్తగనే ఎట్ల తీసేస్తరు? నేను కంప్లైంటు రాసిస్త. పర్మిషన్ లేకుంట మాట్లాడింది, వరండల ఒర్రింది, నా అన్నం చెడగొట్టింది. విచారణ నడుస్తుంటె మనిషిని తీసెయ్యొస్తదా?"

మేనేజరు రూల్స్ పుస్తకం తెరిచాడు. చాలాసేపు తిప్పాడు. విచారణ పూర్తయ్యేదాకా ఉద్యోగిని తొలగించరాదు, కాంట్రాక్టు అయినా సరే. ఆ పేజీ మీద వేలు పెట్టి తలెత్తినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నేను మరచిపోలేను. ఆ సంతోషాన్ని ఏ లెక్కలోనూ రాసుకోకుండా, విచారణకు నన్ను అధ్యక్షుడిగా వేశాడు.

ఆరోపణ: అనుమతి లేకుండా మాట్లాడుట. నా కష్టం చూడండి. తప్పు రుజువైతే ఆమె పోతుంది, రుజువు కాకపోతే విచారణ ముగుస్తుంది, అప్పుడూ పోతుంది. కాబట్టి అది రెండిట్లో ఏదీ కాకూడదు. నేను దిగిపోయేదాకా దాన్ని అలాగే సాగదీశాను. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఎక్స్‌ప్రెస్. ఏ పనైనా నిమిషాల్లో తేల్చేసే ఆయన ఈ ఒక్క పనిలో మాత్రం నాకంటే నెమ్మది. డాక్టరమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది, ఇప్పటికీ కుర్చీలో కూర్చోదు. మొదటి విచారణ రోజు సంగతి ఒక్కటి చెప్పి ఆపేస్తాను.

సాక్షిగా ఆ నేత అమ్మాయిని పిలిపించాం. ఒళ్లు కోలుకుంది, బుగ్గల్లోకి రంగు వచ్చింది. అత్తతో కలిసి గుమ్మంలోనే ఆగిపోయింది. బల్లకు ఇటువైపు మేమందరం వరసగా కూర్చున్నాం, మధ్యలో ఫైలు, ఓ పక్కన చేతులు కట్టుకుని నస్పూర్ డాక్టరమ్మ నిలబడి ఉంది. తనకోసం మాట్లాడినందుకు డాక్టరమ్మ మీద కేసు పెట్టారని బయట క్లర్కు వాళ్లకు చెప్పాడట. అమ్మాయి ఆమె వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఆ దినం గీ డాక్టరమ్మ నీతోని ఏమన్న మాట్లాడిందామ్మా?" అని అడిగాను.

"లేదు సార్. ఒక్క ముచ్చట గూడ మాట్లాడలే."

"వరండల ఒర్రుకుంట ఉరికిందట గద?"

"ఉరకలే సార్. ఆమె మంచిగ కుర్చీల్నే కూసున్నది."

"మరి నిన్ను థియేటర్ దాక ఎవలు తీస్కపోయిన్రు?"

"నేనే పోయిన సార్. నడుసుకుంట పోయిన."

ఆ రోజు స్పృహ తప్పిన ఈ పిల్ల స్ట్రెచర్‌ను ఒక వైపు పట్టుకుని తోసింది నేనే. అత్త వైపు చూశాను. ఆవిడ కళ్లార్పకుండా, "అవు సార్, నా కోడలు గట్టిది" అంది. నస్పూర్ డాక్టరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మేనేజరు కిటికీ బయటికి చూస్తున్నాడు.

ఆఖరి ప్రశ్న అడిగాను.

"అయితె ఈమె నీకోసం ఏం జేసిందమ్మా?"

ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించింది.

"ఏం చెయ్యలే సార్. ఆమెను ఏమనకుండ్రి. నేనే బతికిన."

సాక్షిని మళ్లీ విచారించాల్సిన అవసరం ఉందని రాసి, విచారణ వాయిదా వేశాను.